సోదర చక్రవర్తుల నడుమ కాందహారు

చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్ల నోట రెండు మాటలు వినబడుతుంటాయి. ముస్లిం రాజులంతా ఒకే జట్టుగా ఉండేవారు, ఒకరికి కష్టం వస్తే మరొకరు పరుగెత్తుకు వచ్చేవారు అన్నది మొదటి మాట. ఇది మనవాళ్లు గర్వంగా చెప్పుకునేది. వాళ్ల మధ్య షియా సున్నీ తగాదా తప్ప మరేమీ లేదన్నది రెండో మాట. ఇది మనల్ని దెప్పేవాళ్లు చెప్పేది, అప్పుడప్పుడు మనలో మనమే దెప్పుకునేది కూడాను. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలంటే మొఘలు దర్బారుకూ, ఇరాన్ సఫవీ దర్బారుకూ నడిచిన రెండు వందల ఏళ్ల సంబంధం కంటే మంచి సాక్ష్యం మరొకటి దొరకదని మేము అనుకుంటున్నాము. ఇది మనకు దూరపు కథ ఏమీ కాదు. మన గోల్కొండ, మన మచిలీపట్నం కూడా అందులో ఇరుక్కున్నాయి.

ముందు కాందహారు సంగతి చెప్పుకోవాలి. ఇవాళ అఫ్గానిస్తాన్‌లో ఉన్న ఈ ఊరు ఆ రోజుల్లో రెండు సామ్రాజ్యాలకూ సరిగ్గా సరిహద్దు. లాహోరు, ముల్తాను నుంచి నీలిమందు, నూలు బట్టలు, పంచదార వేసుకొని బయల్దేరిన ఒంటెల బిడారులు బోలాన్ కనుమ దాటి కాందహారు మీదుగానే ఇరాన్ పోవాలి. అటునుంచి గుర్రాలు, పట్టు, ఎండుపళ్లు ఇదే దారిన రావాలి. కాబూలును ఏలేవాడికి కాందహారు చేతిలో లేకపోతే పక్కలో బల్లెం ఉన్నట్టే. హెరాతును ఏలేవాడికీ అంతే. అందుచేత ఇద్దరికీ ఆ కోట మాదే అనిపించేది. ఇద్దరి దగ్గరా కాగితాలూ ఉండేవి, కారణాలూ ఉండేవి.

కథ సహాయంతోనే మొదలైంది. 1510లో షా ఇస్మాయిల్ మెర్వు దగ్గర ఉజ్బెకు నాయకుడు షైబానీ ఖానును చంపి, అతని చెరలో ఉండిపోయిన బాబరు అక్క ఖాన్‌జాదా బేగాన్ని మర్యాదగా తమ్ముడి దగ్గరకు పంపించాడు. మరుసటి ఏడు ఇరాన్ సేన అండతోనే బాబరు సమర్ఖందు గెలుచుకున్నాడు. షా పేరు చెప్పుకొని గెలిచిన సమర్ఖందు ప్రజలకు రుచించలేదు, ఎక్కువ కాలం నిలవనూ లేదు. ఆ తరువాత 1522లో బాబరు కాందహారును అర్ఘూనుల దగ్గరనుంచి స్వాధీనం చేసుకున్నాడు. హిందూస్తాను రావడానికి నాలుగేళ్ల ముందు మాట ఇది.

అసలు సహాయం హుమాయూను కాలంలో జరిగింది. చౌసాలో, కన్నౌజులో షేర్‌ఖాను చేతిలో ఓడి, సింధు ఎడారుల్లో తిరిగి, సొంత తమ్ములే తరుముతుంటే, ఏడాది బిడ్డ అక్బరును కూడా వెనక వదిలి 1544లో హుమాయూను గుప్పెడు మంది అనుచరులతో ఇరాన్ గడ్డ మీద అడుగుపెట్టాడు. షా తహ్మాస్ప్ హెరాతు గవర్నరుకు పంపిన ఫర్మానా అక్బర్‌నామాలో ఉన్నది. అతిథికి ఏ మజిలీలో ఎట్లా ఎదురు వెళ్లాలో, పాలూ వెన్నా వేసి సోంపు గసాలు చల్లిన తెల్ల రొట్టెలు ఎట్లా చేయించాలో, షర్బతులు మంచుతో ఎట్లా చల్లబరచాలో అందులో వివరంగా రాసి ఉంది. మన ఇళ్లలో పెళ్లివారికి ఎదుర్కోలు చేసేటప్పుడు పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలన్నీ అందులో ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

అయితే రొట్టెల వెనకే షరతులూ వచ్చాయి. పన్నెండు మడతల ఎర్ర తాజు పెట్టుకో, షియా మార్గం ఒప్పుకో అని షా పట్టుబట్టాడు. ఒక దశలో హుమాయూను ప్రాణానికే ముప్పు వచ్చిందనీ, షా సోదరి సుల్తానం బేగం అడ్డుపడి మాట్లాడిందనీ ఆనాటివాళ్లు రాశారు. హుమాయూను తాజు పెట్టుకున్నాడు. ప్రతిఫలంగా పన్నెండు వేల దాకా గుర్రపుసేన దక్కింది. పేరుకు దాని నాయకుడు షా కొడుకు మురాదు, చంటిపిల్లాడు. ఒప్పందం ఏమిటంటే కాందహారు గెలిచి షాకు అప్పగించాలి, తరువాత కాబూలు, ఢిల్లీ హుమాయూనువి.

1545లో కోట గెలిచారు. మాట ప్రకారం ఇరానీలకు అప్పగించారు కూడా. కొన్నాళ్లకు ఆ పసిపిల్లవాడు చనిపోయాడు. చలికాలం ముంచుకొస్తున్నది, హుమాయూను సేనకు తలదాచుకునే చోటు లేదు. అంతే, ఇరానీ దళాన్ని బయటకు పంపి కోట తన చేతిలోకి తీసుకొని బైరాంఖానుకు అప్పజెప్పాడు. షా ఊరుకున్నాడు. హుమాయూను కాలం చేసి, చిన్నవాడైన అక్బరు ఢిల్లీలో సర్దుకుంటూ ఉండగా, 1558లో తన బాకీ తాను వసూలు చేసుకున్నట్టుగా కాందహారు తీసేసుకున్నాడు. హుమాయూను చేసినది మాట తప్పడమా, గత్యంతరం లేకనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మాకు మాత్రం అది మాట తప్పడంగానే కనిపిస్తుంది. కానీ ఆ చలిలో ఆ గుర్రాలతో ఇంకెవరైనా ఏం చేసి ఉండేవారో చెప్పడం కష్టం.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఇరాన్‌కు పడమటివైపు ఉస్మానీ తుర్కులు ఉన్నారు, ఈశాన్యాన ఉజ్బెకులు ఉన్నారు. 1555లో అమాస్యా దగ్గర తుర్కులతో సంధి కుదిరింది. మూడేళ్లకు కాందహారు ఇరాన్ చేతికి వచ్చింది. 1590లో షా అబ్బాసు తుర్కులకు ఎన్నో రాష్ట్రాలు వదులుకొని సంధి చేసుకున్నాడు. తూర్పున అప్పటికే ఉజ్బెకులు హెరాతు ఆక్రమించి ఉన్నారు. ఆ దుర్బల సమయంలో కాందహారు పాలిస్తున్న సఫవీ రాకుమారుడు ముజఫ్ఫర్ హుసేన్ మీర్జా కత్తి దూయకుండానే 1595లో కోట అక్బరుకు అప్పగించి, ఐదు వేల మన్సబు పుచ్చుకున్నాడు. అతని కూతురునే తరువాత ఖుర్రం షహజాదా పెళ్లాడాడు. 1618లో తుర్కులతో మళ్లీ సంధి. 1622లో కాందహారు ఇరాన్‌ది. 1638లో సుల్తాన్ మురాదు బాగ్దాదు పట్టుకున్నాడు. అదే ఏడు కాందహారు షాజహానుది. 1639లో జుహాబు సంధి. 1649లో కాందహారు మళ్లీ ఇరాన్‌ది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, కోట ఎవరి చేతిలో ఉండాలన్నది కాందహారు గోడల దగ్గర కంటే బాగ్దాదు దగ్గరే ఎక్కువగా తేలుతున్నదని అర్థమవుతుంది. తుర్కులు సున్నీలు, మొఘలులు సున్నీలు. ఇద్దరూ కలిసి షియా ఇరాన్‌ను పంచుకోవచ్చు గదా? ఉజ్బెకు అబ్దుల్లా ఖాను అక్బరుకు సరిగ్గా ఇదే సలహా ఇచ్చాడు. అక్బరు ఒప్పుకోలేదు. సఫవీలతో తన వంశానికి ఉన్న పాత స్నేహం ఎత్తి చూపాడు. పక్కన బలమైన ఉజ్బెకు రాజ్యం ఒక్కటే మిగలడం కంటే ఇద్దరు మిగలడం మేలన్న లెక్క కూడా ఆయన మనసులో ఉండే ఉంటుంది.

జహంగీరు, షా అబ్బాసుల కాలం ఈ కథలో అన్నిటికంటే రుచికరమైన భాగం. ఉత్తరాల్లో ఇద్దరూ ఒకరినొకరు సోదరా అని పిలుచుకున్నారు. 1605లో అక్బరు పోగానే ఇరాన్ సరిహద్దు అమీర్లు కాందహారును ముట్టడించారు, విఫలమయ్యారు. షా అబ్బాసు వెంటనే నాకు తెలియకుండా చేశారు, వాళ్లను మందలించాను అని రాశాడు. జహంగీరు నమ్మాడు, లేదా నమ్మినట్టు ఊరుకున్నాడు. ఆ తరువాత ఇరాన్ రాయబారులు ఒకరి వెనక ఒకరు గుర్రాలు, తివాచీలు, పట్టుబట్టలు తెచ్చారు. 1613లో జహంగీరు ఖాన్ ఆలం అనే అమీరును పెద్ద బలగంతో ఇరాన్‌కు పంపాడు. వెంట బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి కూడా పంపాడు. సోదరుడి ముఖం ఎట్లా ఉంటుందో ఉన్నదున్నట్టు గీసుకు రమ్మని ఆజ్ఞ. బిషన్‌దాస్ అంత బాగా గీసుకొచ్చాడట, పాదుషా అతనికి ఏనుగును బహుమతి ఇచ్చాడు. ఎందుకంటే ఈ ఇద్దరు సోదరులూ జన్మలో ఎన్నడూ కలుసుకోలేదు.

కలుసుకోని లోటు అబుల్ హసన్ అనే మరో చిత్రకారుడు కుంచెతో తీర్చాడు. పాదుషాకు వచ్చిన కలను అతను చిత్రించాడు. భూగోళం మీద నిలబడి జహంగీరు షా అబ్బాసును కౌగిలించుకుంటున్నాడు. ఇద్దరి తలల వెనకా ఒకే కాంతివలయం. ఇప్పుడు ఆ బొమ్మ అమెరికాలో వాషింగ్టను మ్యూజియంలో ఉంది. దాని నకలు చూసినవారు కింద పాదాల దగ్గర కూడా చూడాలి. జహంగీరు నిలబడింది సింహం మీద, షా అబ్బాసు నిలబడింది గొర్రెపిల్ల మీద. రెండూ పక్కపక్కన హాయిగా పడుకొని ఉన్నాయి. కానీ సింహం ఒళ్లు విరుచుకొని ఇరాన్ నేల మీదికి సాగింది, పాపం గొర్రెపిల్ల పడమటికి జరిగిపోయింది. జహంగీరు పొడుగ్గా బలంగా ఉన్నాడు, షా కాస్త వంగి చిన్నగా ఉన్నాడు. ఆ రెండు దర్బారుల మధ్య ఎట్లాంటి స్నేహం ఉండేదో చెప్పడానికి ఏ ఒప్పంద పత్రమూ ఈ బొమ్మకు సాటిరాదు.

గొర్రెపిల్ల అనుకున్నవాడు 1622లో వచ్చి నలభై ఐదు రోజుల్లో కాందహారు కోట పట్టుకున్నాడు. లోపల కాపలా సేన చాలా కొద్ది. సోదరుడు దండెత్తుతాడని ఢిల్లీ నమ్మలేదు. కోట చేజిక్కాక షా రాసిన ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంది. వేటకని కాందహారు వైపు వచ్చామనీ, అది మా పెద్దల ఆస్తి అనీ, స్నేహానికి ఏ లోటూ రాదనీ దాని సారాంశం. ఈ కాందహారులోనే పుట్టిన ఆడబిడ్డ అప్పుడు ఢిల్లీ పాలనలో చక్రం తిప్పుతున్నది. ఆమె నూర్జహాను. తండ్రి మీర్జా గియాస్ బేగు ఇరాన్ నుంచి బతుకుతెరువుకు హిందూస్తాను వస్తూండగా దారిలో 1577లో కాందహారులో ఆమె పుట్టింది. ఒక రాజ్యం పారేసుకున్న కుటుంబం ఇంకో రాజ్యాన్ని నడిపింది.

జహంగీరు ఖుర్రంను కాందహారుకు వెళ్లమన్నాడు. ఖుర్రం వానలు తగ్గాక పోతాను, పంజాబు నాకివ్వండి, నా కుటుంబానికి రణథంభోరు కోట ఇవ్వండి అని షరతులు పెట్టాడు. చివరికి తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటులో ఓడిపోయి 1623లో అతను పారిపోయింది ఎక్కడికంటే మన తెలుగునాటికి. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా దారి ఇస్తే, మచిలీపట్నం మీదుగా ఒరిస్సా వైపు సాగిపోయాడు. మధ్యలో షా అబ్బాసుకు కూడా సహాయం చేయమని కబురు పంపాడు. తండ్రి మాట విను నాయనా అని షా హితవు చెప్పి ఊరుకున్నాడు. కొడుకు తిరుగుబాటుకు మూలం తానే గెలుచుకున్న కోట అని షాకు తెలియదా!

గోల్కొండ మాట వచ్చింది గనుక ఇక్కడ కాస్త ఆగాలి. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాను ప్రాంతం నుంచి వచ్చినవాడు. వారు షియాలు. శుక్రవారం ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లూ, ఇరాన్ షా పేరూ చదివేవారు. హైదరాబాదుకు రూపురేఖలు ఏర్పడిన రోజుల్లో మహమ్మద్ కులీకి పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదు నుంచి వచ్చిన పండితుడు. మచిలీపట్నం నుంచి ఇరాన్ రేవులకు ఓడలు నడిచేవి. మన కలంకారీ అద్దకాలు అక్కడి ఇళ్లలో పరుచుకునేవారు. దక్కను సుల్తానులను బాధించవద్దని షా అబ్బాసు తన సోదరుడు జహంగీరుకు సిఫారసు చేశాడు. ఢిల్లీకి ఇది కంటగింపుగా ఉండేది. దక్షిణాన దూరంగా ఉన్న గోల్కొండ ఇరాన్ పేరు ఖుత్బాలో చదవడమంటే, పక్కింటివాడు మన పెరట్లో గుంజ పాతినట్టు.

1636లో షాజహాను ఆ గుంజ పీకించాడు. అబ్దుల్లా కుతుబ్‌షా చేత విధేయతా పత్రం రాయించుకున్నాడు. ఇకనుంచి ఖుత్బాలో నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి, ఇరాన్ షా పేరు తీసి మొఘలు పాదుషా పేరు పెట్టాలి, ఏటా రెండు లక్షల హొన్నులు కట్టాలి. ఇమాముల పేర్లు తీయించడం మతం కాదా అని ఎవరైనా అడగవచ్చు. మతమే. ఆ మార్పు హైదరాబాదు మసీదుల్లో ఎందరి మనసులు నొప్పించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. కానీ ఆ పత్రం రాయించుకున్న షాజహాను వజీరుగా పెట్టుకున్న ఆసఫ్‌ఖాను ఎవరు? ఇరాన్ వంశంవాడు, నూర్జహాను అన్న. ముంతాజ్ మహల్ అతని కూతురే. అదే షాజహాను రెండేళ్ల తరువాత కాందహారు తెచ్చిచ్చిన ఇరానీ గవర్నరు అలీ మర్దాన్ ఖానును నెత్తిన పెట్టుకున్నాడు. షా అబ్బాసు మనుమడు షా సఫీ అమీర్లను వరుసగా నరికిస్తుంటే, తన తలకూ ముప్పు తప్పదని అలీ మర్దాన్ కోటతో సహా ఇటు దూకాడు. షాజహాను అతనికి కాశ్మీరు, లాహోరు, కాబూలు సుబాలు ఇచ్చాడు. లాహోరు షాలిమారు తోటకు నీళ్లు తెచ్చిన కాలువ అతని చలవే. నమ్మకమైన షియా అమీరు కొలువులో ఉండవచ్చు. ఖుత్బాలో మాత్రం వేరే రాజు పేరు వినిపించరాదు. పాదుషాకు కావలసింది అదన్నమాట.

కాందహారు దక్కిన సంతోషం పదకొండేళ్లే. 1648 చలికాలంలో షా అబ్బాసు మునిమనుమడు, ఇంకా పదహారేళ్ల ప్రాయంలోనే ఉన్న రెండో షా అబ్బాసు, మంచు కురిసే వేళ చూసుకొని దండెత్తాడు. మంచులో కాబూలు నుంచి సహాయం రాలేదని అతని లెక్క. లెక్క తప్పలేదు. 1649 ఫిబ్రవరిలో కోట లొంగిపోయింది. ఆ తరువాత షాజహాను మూడుసార్లు సేనలు పంపాడు. 1649లోనూ 1652లోనూ ఔరంగజేబు వెళ్లాడు, 1653లో పెద్దకొడుకు దారాషుకో వెళ్లాడు. మూడుసార్లూ ఒకటే కథ. బయట మైదానంలో మొఘలు గుర్రపుసేనదే పైచేయి. గోడల దగ్గరకు వచ్చేసరికి, తుర్కులతో ఏళ్ల తరబడి కోటయుద్ధాలు చేసి ఆరితేరిన ఇరానీ ఫిరంగులదే పైచేయి. చుట్టూ గడ్డి దొరకదు, గింజ దొరకదు, చలి మొదలయ్యేలోగా తిరిగి రావాలి. ఈ మూడు దండయాత్రలకూ పది పన్నెండు కోట్ల రూపాయలు అయిందని చరిత్రకారులు లెక్కగట్టారు. షాజహాను సామ్రాజ్యమంతటి ఆదాయం ఏడాదికి ఇరవై రెండు కోట్లు. తిరిగి రాని సిపాయిల లెక్క వేరే. తనకు చేతకాని పని అన్నకూ చేతకాలేదని ఔరంగజేబు లోపల సంతోషించి ఉంటే అది మానవ సహజం. ఆ అన్నదమ్ముల కక్ష ఎక్కడిదాకా పోయిందో అందరికీ తెలిసిందే.

ఈ సమయంలో మన ప్రాంతంలో మీర్ జుమ్లా అనే పెద్దమనిషి ఉన్నాడు. ఇస్ఫహాను దగ్గరి అర్దిస్తానులో పుట్టి, గోల్కొండ వచ్చి, వజ్రాల వ్యాపారంలో కోట్లు గడించి, అబ్దుల్లా కుతుబ్‌షాకు మంత్రి అయ్యాడు. గండికోట గెలిచింది ఇతనే. తన సుల్తానుతో చెడినప్పుడు ఇతను ఒకవైపు ఇరాన్ షాతోనూ, మరోవైపు మొఘలులతోనూ ఉత్తరాలు నడిపి, చివరికి ఢిల్లీ కొలువులో చేరాడు. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించడానికి ఇదే సాకు. అప్పటికీ షాజహానుకు కాందహారు మీద ఆశ చావలేదు. మీర్ జుమ్లా ఒక గొప్ప వజ్రం నజరానాగా ఇచ్చి, కాందహారు రాళ్లకంటే గోల్కొండ రాళ్లు ఎంత మేలో చూడండి అనే అర్థం వచ్చేట్టు చెప్పి పాదుషా మనసు దక్కను వైపు తిప్పాడని ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు రాశాడు. దర్బారు కబుర్లు వినడంలో బెర్నియరుకు ఉత్సాహం ఎక్కువ, అందుచేత మాట మాటగా నమ్మనవసరం లేదు. కానీ జరిగింది మాత్రం అదే. కాందహారు మీదికి మళ్లీ సేన పోలేదు. సేనలన్నీ మనవైపు మళ్లాయి.

ఔరంగజేబు గద్దెనెక్కాక 1661లో ఇరాన్ రాయబారి వచ్చి అభినందించాడు, ఘనంగా మర్యాదలు జరిగాయి. బదులుగా వెళ్లిన తర్బియత్ ఖానును మాత్రం షా దర్బారులో అవమానించారు. తిరిగి వచ్చిన రాయబారికి పాదుషా దర్శనమే ఇవ్వలేదు. యుద్ధం వస్తుందనుకునే వేళకు 1666లో షా చనిపోయాడు, గొడవ అట్లాగే చల్లారింది. ఆపైన 1681లో ఔరంగజేబు కొడుకు అక్బరు తండ్రి మీద తిరగబడి, చివరికి ముత్తాత తాత హుమాయూను లాగే ఇరాన్ పోయాడు. ఇస్ఫహానులో ఆదరణ దొరికింది, అన్నం దొరికింది, సేన మాత్రం దొరకలేదు. తండ్రి కంటే ముందే ఇరాన్‌లోనే కన్నుమూశాడు.

ఇంతకాలం ఇద్దరూ కొట్టుకున్న కోటలో మూడోవాళ్లున్నారన్న సంగతి ఇద్దరూ మరిచారు. వాళ్లు ఆ ఊరి అఫ్గానులు. 1709లో మీర్ వైస్ అనే ఘిల్జీ నాయకుడు ఇరానీ గవర్నరును చంపి కాందహారు తనదన్నాడు. అతని కొడుకు మహమూదు 1722లో ఇస్ఫహాను మీదికి పోయి, నెలల తరబడి ముట్టడించి, ఆకలితో మాడ్చి, సఫవీల గద్దెను కూల్చాడు. ఆ అఫ్గానులను తరిమిన నాదిర్‌షా 1738లో కాందహారు పాతకోటను నేలమట్టం చేశాడు. పారిపోయిన అఫ్గానులకు మీ కాబూలులో చోటిచ్చారు అన్న సాకు మీద అక్కడినుంచి ముందుకు కదిలి, 1739లో కర్నాలులో మొఘలు సేనను ఓడించి ఢిల్లీలో జొరబడ్డాడు. ఒకే కోట రెండు సామ్రాజ్యాలకూ చావుదారి అయింది. 1747లో అహ్మద్‌షా దురానీ కాందహారులో రాజయ్యాడు, పక్కన కొత్త ఊరు కట్టించాడు. ఇవాళ మనం కాందహారు అనేది ఆ కొత్త ఊరినే.

పాత ఊరు శిథిలాల మీద ఒక కొండ ఉంది. దానికి రాతిలో తొలిచిన నలభై మెట్లు ఉన్నాయి, చిహిల్ జీనా అంటారు. పైన చిన్న గది గోడ మీద బాబరు ఈ కోట గెలిచిన సంగతి ఫార్సీలో చెక్కి ఉంది. పక్కనే అక్బరు కాలంలో మీర్ మాసూము చెక్కించిన శాసనంలో అప్పటి మొఘలు రాజ్యంలోని ఊళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. అదే కొండ పాదం దగ్గర 1958లో మరో శాసనం బయటపడింది. గ్రీకు, అరమాయికు భాషల్లో ఉన్న ఆ శాసనం అశోకుడిది.